తడిసిన పుస్తకంలో ఒక ఏడాది

2024 జనవరిలో మా ఆయనా నేనూ ఒక మాట అనుకున్నాం. అబ్బాయి హాస్టల్‌కి వెళ్లిపోయాడు, ఇల్లు బోసిగా ఉంది. బడికి సెలవులు వచ్చినప్పుడల్లా మన రెండు రాష్ట్రాల్లోనే ఎక్కడికైనా వెళ్లాలి. బస్సుల్లో, రైళ్లలో వెళ్లాలి. గుడి చూసి గంటలో తిరిగొచ్చే వెళ్లడం కాదు, ఊళ్లో కాసేపు కూర్చోవాలి.

నేను ఖమ్మంలో తెలుగు టీచర్ని. ఒక పొడుగు నోటుపుస్తకం కొని ఎడమ పేజీలో ఆయన ఖర్చులు, కుడి పేజీలో నేను చూసినవి, విన్న మాటలు రాసుకుంటూ వచ్చాం. ఆయనది బాల్ పెన్ను, నాది జెల్ పెన్ను. సెప్టెంబర్‌లో మున్నేరు నీళ్లు ఇంట్లోకి వచ్చి ఆ పుస్తకం రోజున్నర నానింది. ఆరబెట్టి చూస్తే ఆయన లెక్కలు అలాగే ఉన్నాయి. నా పేజీలు మాత్రం నీలంగా అలికినట్టు అయిపోయాయి. ఆయన అంకెల్ని చూసుకుంటూ, పోయిన మాటల్ని గుర్తు చేసుకుంటూ ఇది మళ్లీ రాస్తున్నాను. ఇంకో ఏడాది ఆగితే ఇవి కూడా పోతాయని భయం.

జనవరి 16, జగ్గన్నతోట

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మేం ఆ రోజు చీకటితోనే రాజమండ్రిలో బస్సెక్కి రావులపాలెం మీదుగా కోనసీమలోని అంబాజీపేట చేరాం. "పొట్టిక్కలు 2 ప్లేట్లు, 80" అని ఉంది పుస్తకంలో. పనసాకులు ఈనెలతో కుట్టి చిన్న బుట్టల్లా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. ఆకు విప్పుతుంటే పచ్చి పనస వాసన వస్తుంది. ఆ వాసన పిండిలోకి కూడా దిగి ఉంటుంది. బండి దగ్గరే నిలబడి తిన్నాం. ఏడాదంతా తిన్న టిఫిన్లలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట మొసలపల్లి పొలిమేరలో ఉంది. అక్కడ గుడి లేదు. కొబ్బరిచెట్ల మధ్య ఖాళీ చోటు, అంతే. కనుమ నాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు ఎత్తైన వెదురు ప్రభల మీద అక్కడికి వస్తారు. ఏకాదశ రుద్రులు ఏడాదికోసారి కలుసుకుని లోకం మంచిచెడ్డలు మాట్లాడుకుంటారని నమ్మకం. మొసలపల్లి స్వామి ఆతిథ్యం ఇచ్చేవాడు, వ్యాఘ్రేశ్వరం స్వామి సభకు పెద్ద. ఆయన ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభల్ని ఒక్కసారి పైకి ఎత్తుతారు. పెద్దాయన వస్తే లేచి నిలబడినట్టు. దేవుళ్లకు కూడా ఇంటి మర్యాదలు నేర్పిన ఊళ్లు అవి.

మేం మాత్రం తోటకు వేళకు చేరలేదు. ఆటో ఆగిపోయాక జనం వెంట నడవకుండా, దగ్గర దారి అని కాలవ గట్టు పట్టుకున్నాం. అరగంట నడిచాక తెలిసింది, గంగలకుర్రు వైపు వచ్చేశామని. ఆ తప్పుదారే మేలు చేసింది. గంగలకుర్రు ప్రభ, అగ్రహారం ప్రభ కౌశిక కాలవను దాటే చోట ఉన్నాం. వెదురు చట్రం, రంగు గుడ్డలు, నెమలి ఈకలు, గంటలు. అంత ఎత్తు ప్రభను భుజాల మీద మోస్తూ మగవాళ్లు నీళ్లలోకి దిగారు. నీళ్లు నడుము దాటి ఛాతీ దాకా వచ్చాయి. "శరభ శరభ" అని అరుస్తూ అవతలి గట్టు ఎక్కించారు. ఎక్కగానే తిన్నగా పచ్చటి వరిచేలో అడుగు పెట్టారు. నాట్లు తొక్కుకుంటూ వెళ్తున్నారు. నాకు ప్రాణం చివుక్కుమంది. పక్కనున్న రైతు ముఖం చూశాను. ఆయన చేతులు జోడించి ఉన్నాడు. "మా చేలోంచి స్వామి ఎళ్లాడండి," అన్నాడు నాతో, పదిమందికీ వినపడేలా.

వెనక్కి నడుస్తూ ఒక ఇంటి అరుగు దగ్గర మంచినీళ్లు అడిగాం. "ఆయ్, పండగపూట మంచినీళ్లేంటండీ, లోపలికి రండి," అందావిడ. కనుమ నాడు మినుము తినకుండా పంపకూడదంది. గారెలు, కొబ్బరి పచ్చడి, బెల్లం పరమాన్నం. మేమెవరమో అడగలేదు. తిన్నాక అడిగింది, "ఏ ఊరండీ మీది?" అని. ఆ వరస నాకు బాగా నచ్చింది. ముందు విస్తరి, తర్వాత ఊరు పేరు.

దారిలో ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు కొన్నాం. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను ఇలా లాగితే అలా రేకు లేస్తుంది. ఆ పని చేసే ఆవిడ చేతివేళ్ల కొనలు వేడికి గట్టిపడిపోయి ఉన్నాయి. ఒక డబ్బా 220. ఆ వేళ్లు చూశాక బేరం ఆడలేకపోయాం.

ఫిబ్రవరి 21, 22, మేడారం

ఈసారి అత్తమ్మ కూడా వచ్చింది. ఆమెది నర్సంపేట వైపు పుట్టిల్లు. చిన్నప్పుడు ఎడ్లబండి మీద మేడారం వెళ్లిన మనిషి. మా ఆయనకు ఆపరేషన్ అయినప్పుడు మొక్కుకున్న మొక్కు నాలుగేళ్లుగా బాకీ ఉంది. తన నిలువెత్తు బంగారం ఇస్తానని.

మేడారంలో బంగారం అంటే బెల్లం. అత్తమ్మ తూకం 48 కిలోలు. కిలో 70 లెక్కన 3,360 రూపాయలు. బస్సుకు మా ఇద్దరిదీ జీరో టికెట్, మా ఆయన ఒక్కడికే డబ్బులు. ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక జరిగిన మొదటి జాతర కదా, బస్సులో అవ్వలే ఎక్కువ. ఒళ్లో కోళ్లు, కాళ్ల దగ్గర గిన్నెలు, బియ్యం మూటలు. నలభై ఏళ్ల తర్వాత వస్తున్నానని ఒకామె, పెళ్లయ్యాక ఇదే మొదటిసారని ఒకామె. టికెట్ లేదన్న ఒక్క మాట ఎంతమందిని గడప దాటించిందో ఆ బస్సులో కళ్లారా చూశాను.

జంపన్న వాగులో స్నానాలయ్యాక అత్తమ్మ తప్పిపోయింది. నేను కొంగు పిండుకుని తలెత్తేసరికి లేదు. ఆ జనంలో మనిషిని వెతకడమంటే ఇసుకలో ఆవగింజను వెతకడమే. మైకులో తప్పిపోయినవాళ్ల పేర్లు ఆగకుండా చదువుతున్నారు. మేమూ వెళ్లి చెప్పించాం. ఆమెకు ఫోన్ లేదు. రెండు గంటలు నాకు నోరు ఎండిపోయింది. అంత టెన్షన్ మా ఆయన ఆపరేషన్ రోజు కూడా పడలేదు.

చివరికి వాగు ఒడ్డున చెట్ల కింద ఒక గుడారం ముందు కనిపించింది. కూర్చుని అన్నం తింటోంది. పెద్ద కుటుంబం, పదిహేనుమంది దాకా ఉన్నారు, కట్టెల పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. నేను ఏడుపు ఆపుకోలేక గట్టిగా అరిచాను. ఆ ఇంటి పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. "పరేషాన్ గాకు బిడ్డా. తొవ్వ దెల్వక నిలబడ్డది, మేమే కూసోబెట్టినం. ఆకలైతాందంటే ఇంత బువ్వ వెట్టినం. నువ్వు సుత తిను," అంది. మాకూ ఆకులు వేశారు. కూరలో కారం దండిగా ఉంది, కళ్లలో నీళ్లు ఎందుకు వస్తున్నాయో ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఆ కుటుంబంలో కుర్రాళ్లిద్దరు మా బెల్లం సంచులు గద్దెల దాకా మోశారు. తొలిరోజు రాత్రి కన్నెపల్లి నుంచి సారలమ్మ వచ్చింది. రెండోరోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్క. కుంకుమ భరిణె రూపంలో ఉన్న తల్లిని గుట్ట దించేటప్పుడు పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చారు. దూరం నుంచి ఆ చప్పుడు వినగానే చుట్టూ జనం ఒక్కసారిగా ఊగిపోయారు. ఎదురుకోళ్లు గాల్లోకి ఎగిరాయి. విగ్రహం లేదు, గోపురం లేదు. రాజు సైన్యంతో పోరాడి అడవిలోకి వెళ్లిపోయిన ఆడమనిషి మళ్లీ వస్తుందని అంతమంది ఎదురుచూడటం. అత్తమ్మ నా భుజం పట్టుకుని నిలబడి, "తల్లీ, ఇచ్చిన మాట దీర్సుకున్న," అంది. అంతే. ఇంకేం కోరలేదు.

తిరుగు బస్సుకు క్యూలో నాలుగున్నర గంటలు నిలబడ్డాం. దుమ్ముకు గొంతు పోయింది. ప్రసాదంగా తెచ్చుకున్న బంగారం వీధంతా పంచి, కొంత దాచుకున్నాం.

జూన్ 6, గండికోట

మే నెల ఎన్నికల డ్యూటీతోనే గడిచిపోయింది. బడి తెరవడానికి వారం ఉందనగా జమ్మలమడుగు వెళ్లాం. ఆ ఎండకు ఎందుకని అందరూ అన్నారు. నిజమే, వెళ్లేవాళ్లు చలికాలం వెళ్లండి.

ప్రొద్దుటూరులో పొద్దున్నే ఎర్రకారం దోసె, ఉగ్గాని, బజ్జీ తిన్నాం. మా వైపు మరమరాలు అనేవి అక్కడ బొరుగులు. వాటిని నీళ్లలో తడిపి పిండి, తాలింపు వేసి, పుట్నాల పొడి కలిపితే ఉగ్గాని. ఇద్దరికీ కలిపి 110.

గండికోటలో పెన్నా ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన లోయ ఫోటోల్లో మీరు చూసే ఉంటారు. ఎర్రటి రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, అడుగున సన్నటి నీటి పాయ. చూసి అందరూ వెనక్కి తిరుగుతారు. కానీ కోట లోపల చూడాల్సింది చాలా ఉంది. పెమ్మసాని నాయకుల కోట అది. మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం అన్నీ పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నాయి. ధాన్యాగారం లోపల ఆ ఎండలో కూడా చల్లగా ఉంది. గోడకు వీపు ఆనించి అరగంట కూర్చున్నాం.

రంగనాథస్వామి గుడి వెతుకుతూ మేకల దారి పట్టాం. ముళ్లకంపలు, రాళ్లు. నీళ్లసీసా అయిపోయింది. మా ఆయనకు తల తిరిగి ఒక బండ నీడన కూలబడ్డాడు. నాకు చేతులు వణికాయి. మేకలు తోలుకుంటూ ఒక అవ్వ వచ్చింది, తడిగుడ్డ చుట్టిన ప్లాస్టిక్ క్యాను భుజాన వేసుకుని. "ఎండన బడి యాడికి పోతాండారు?" అని ముందు కోప్పడింది. తర్వాత ఆయన నెత్తి మీద నీళ్లు చల్లింది, గుక్కగుక్కగా తాగమంది. కోటలోపలే ఊరుంది, అక్కడ ఆమె ఇల్లు. మేకల్ని మనవడికి అప్పజెప్పి మమ్మల్ని తీసుకెళ్లింది.

రాగిసంగటి, శనక్కాయల ఊరిబిండి అనే పచ్చడి, మజ్జిగ. సంగటి ముద్ద మధ్యలో బొటనవేలితో గుంట చేసి నెయ్యి వేసింది. నమలకూడదు, మింగాలి అని నేర్పింది. మా ఆయన ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. వెళ్లేటప్పుడు రెండువందలు ఇవ్వబోయాను. ఆమెకు నిజంగా బాధ కలిగింది. "బువ్వ బెట్టి దుడ్లు తీసుకుంటామా?" అంది. ఆ మాటకు నేను తల దించుకున్నాను. సంచిలో మేడారం బంగారం చిన్న ముక్క ఉంది, అది ప్రసాదమని చెప్పి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది. బదులుగా శేరు రాగిపిండి కట్టిచ్చింది.

మర్నాడు బెలుం గుహలకు వెళ్లాం. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న గుహలో కిలోమీటరున్నర దాకా చూడనిస్తారు. లోపల ఉక్కపోతకు ఊపిరాడలేదు, ముందురోజు దెబ్బకు భయపడి సగంలోనే పైకి వచ్చేశాం.

ఇంటికొచ్చి పిండి చూపిస్తే అత్తమ్మ, "తైదపిండా? ఎన్నొద్దులాయె తిని!" అంది. రాగులన్నా తైదలన్నా ఒకటేనని నాకు తెలుసు. కానీ ఆమె అంబలి కాచి తాగుతూ వాళ్లమ్మ గురించి చెప్పుకొచ్చినంతసేపూ ఆ గింజకు ఆ పేరే సరిగ్గా సరిపోయినట్టు అనిపించింది.

సెప్టెంబర్ 1, ఖమ్మం

ఇది వెళ్లని ప్రయాణం. ఆ నెలలో గోదావరి వైపు మళ్లీ వెళ్లి పులస తినాలనుకున్నాం. ఆగస్టు చివరి రాత్రంతా వాన. ఆదివారం తెల్లవారేసరికి మున్నేరు మా కాలనీలో ఉంది. అత్తమ్మను మా ఆయన వీపు మీద ఎక్కించుకున్నాడు. నేను సర్టిఫికెట్ల సంచి నెత్తిన పెట్టుకున్నాను. మేడ మీదున్న పొరుగువాళ్లింట్లో ఆ పగలూ రాత్రీ గడిపాం. కింద మా వంటగది డబ్బాలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు పైకి వినిపించేది.

నీళ్లు తీశాక మోకాలి లోతు బురద. గండికోట అవ్వ ఇచ్చిన పిండిలో మిగిలింది మున్నేరు తీసుకుపోయింది. పూతరేకుల డబ్బాలో దాచిన పెళ్లి ఫోటోలు కూడా. నోటుపుస్తకం బీరువా అడుగున దొరికింది.

మూడోరోజు ఒక ట్రాక్టర్ వచ్చింది. ఎవరో మాకు తెలియని ఊరివాళ్లు. పులిహోర పొట్లాలు, మంచినీళ్లు, పాత చీరలు తెచ్చారు. పద్దెనిమిదేళ్లు కూడా నిండని అబ్బాయి గుమ్మంలో నిలబడి, "అమ్మా, తిన్నారా?" అని అడిగాడు. తినలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పెట్టినవాళ్ల ముఖాలు ఆ ఏడాదంతా చూశాను. చెయ్యి చాచినప్పుడు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఆ అబ్బాయి పొట్లం నా చేతిలో పెట్టి, లోపలికి వచ్చి పార పట్టుకుని బురద ఎత్తడం మొదలుపెట్టాడు. ఊరు పేరు అడిగితే నవ్వి, "పక్కూరే," అన్నాడు.

అక్టోబర్ 14, 15, విజయనగరం

దసరా సెలవుల్లో ఎక్కడికీ వద్దనుకున్నాం. ఇంటి గోడలకు ఇంకా చెమ్మ ఆరలేదు. అత్తమ్మే, "ఈ వాసనల కూసుంటే పానం బోతది, యాడికన్న పోదాం," అంది. సెలవు పెట్టి పైడితల్లి సిరిమాను పండగకు వెళ్లాం.

పైడితల్లి విజయనగరం రాజు పెద విజయరామరాజు చెల్లెలంటారు. 1757లో బొబ్బిలి యుద్ధంలో అన్న చనిపోయాడని విని ప్రాణం విడిచిందని, పెద్ద చెరువులో విగ్రహమై దొరికిందని అక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను. ముందురాత్రి తొలేళ్లు. ఏ చెట్టు మాను కావాలో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందట. చింతమాను. ఆ పొడుగాటి మాను చివర, గాల్లో, పూజారి కూర్చుంటాడు. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు.

గది దొరకక తొలేళ్ల రాత్రి స్టేషన్లోనే పడుకున్నాం. మర్నాడు మధ్యాహ్నానికి మూడు లాంతర్ల దగ్గర కాలు పెట్టే చోటు లేదు. మేడారం గుర్తొచ్చి నేను అత్తమ్మ చెయ్యి వదల్లేదు. ఒక సందులోకి తప్పుకుంటే, మెట్ల మీద నిలబడ్డ ఒకావిడ అత్తమ్మను చూసి, "ఏటమ్మా, పెద్ద పేనంతో అలా నిలబడిపోనారు? పైకొచ్చీయండి," అంది. డాబా మీద అప్పటికే ముప్పైమంది చుట్టాలున్నారు. మాకు ముందువరసలో చాప వేశారు.

సిరిమాను సందు మలుపులో కనిపించినప్పుడు డాబా మీద మాటలు ఆగిపోయాయి. ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు. వెనక మాను. పూజారి మా కళ్ల ఎత్తులోకి వచ్చాడు. కిందనుంచి అరటిపళ్లు వానలా విసురుతున్నారు. అత్తమ్మ చేతిలోనూ ఒకటి పెట్టారు. ఆమె విసిరింది దగ్గర్లోనే పడిపోయింది. ఆ ఇంటావిడ ఇంకోటి ఇచ్చి, "మళ్లీ ఎయ్యండి," అంది.

భోజనంలో అరటికాయ ఆవపెట్టిన కూర, పులుసు. పొద్దున తాగగా మిగిలిందంటూ చోడి అంబలి కూడా గ్లాసులో పోసింది. అత్తమ్మ ఒక గుక్క తాగి ఆగి, "గిది తైద అంబలి," అంది. "ఇదేటి, చోళ్లు కదా," అందావిడ. రాయలసీమ అవ్వ రాగులు నాకు గుర్తొచ్చాయి. ఇద్దరూ చాలాసేపు గింజల పేర్లు, కూరల పేర్లు చెప్పుకున్నారు. సాయంత్రానికి "వదినా" అంటే "వదినా" అనుకుంటున్నారు. రాత్రి స్టేషన్‌కి వెళ్తామంటే, "ఎల్లిపోతారేటి, కూకోండి," అని పడకలు వేసింది. ఆ రోజు ఖర్చు పేజీలో మా ఆయన రాసింది ఒక్కటే, "అరటిపళ్లు డజను, 60."

అక్టోబర్ 16, పొందూరు

పొద్దున పాసింజరెక్కి పొందూరు వెళ్లాం. నేత చూడాలని నా చిరకాల కోరిక. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారని చదివాను, కళ్లతో చూస్తే గానీ నమ్మకం కుదరలేదు. ఆ దవడకున్న సన్నటి పళ్ల మీద ఆమె కొండపత్తిని లాగుతుంటే గింజను అంటుకున్న పీచు విడివడి మబ్బులా తేలింది. అందులోంచి చరఖా మీద నూలు తీస్తే వెంట్రుక కన్నా సన్నం. ఆమెకు అరవై దాటాయి. కళ్లద్దాలు లేవు. రోజంతా వడికితే ఎంత వస్తుందని అడిగాను. చెప్పిన డబ్బు విని మా ఆయన పుస్తకం మూసేశాడు. ఆయన మామూలుగా ఏ అంకె విన్నా రాస్తాడు.

ఒక పంచె కొన్నాం. ఖరీదైనదే. ఆయన ఇంకా కట్టలేదు, అబ్బాయి పెళ్లికి దాచమన్నాడు.

జనవరి 4, ఇల్లు

నిన్న విజయనగరం నుంచి ఫోను వచ్చింది. అత్తమ్మ వదినగారు, కొడుకూ కోడలూ, మనవలిద్దరూ ముక్కోటికి భద్రాచలం వస్తున్నారు. తొమ్మిదో తేదీ తెప్పోత్సవం చూసి, పదిన ఉత్తర ద్వార దర్శనం చేసుకుంటారట. రైలు ఖమ్మంలో దిగి, ఒక పూట మా ఇంట్లో ఉండి, బస్సెక్కుతారు.

గోడలకు సున్నం వేయించాం. నీటి గీత మాత్రం ఇంకా లీలగా కనిపిస్తోంది. ఏం వండాలన్నది పొద్దుటి నుంచీ తేలలేదు. నేను గారెలంటున్నాను. మా ఆయన నాటుకోడి అంటున్నాడు, గుడికి వెళ్లేవాళ్లకు అది కుదరదన్నాను. అత్తమ్మ రెండు కిలోల తైదలు తెప్పించి, చాటలో పోసుకుని, అరుగు మీద ఎండలో రాళ్లు ఏరుతోంది.